సముద్రతీరపు పూలతోటలో ఐరిసు మొక్క: ఎన్నికయు పెంపకమును

(రుషికొండ ప్రాంతమున పూలతోటలు పెంచు రైతుల సమావేశమునందు చేసిన ఉపన్యాసము)



ఐరిసు అను పూలమొక్కను గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు నన్ను పిలిచితిరి. ఇది వరివలె కడుపు నింపు పంట కాదు. కొబ్బరివలె, జీడిమామిడివలె ఏటేట రొక్కము తెచ్చునదియు కాదు. అయినను ఈ విషయమును తేలికగా త్రోసివేయుటకు వీలులేదు. విశాఖపట్టణము ఉత్తరమునకు పెరిగి, ఎండాడ, రుషికొండ, మధురవాడ మెట్టలపై ఇండ్లు లేచినకొలది వాకిట పూలమొక్కలు పెంచుకొనువారు హెచ్చిరి. పావుయెకరము, అరయెకరము నేల గలిగి, మొక్కలు పెంచి వారికి అమ్మి బ్రదుకువారు మీలో పెక్కురున్నారు. కొనువారు చిత్రపటములలో ఐరిసు పూలను జూచి, "ఈ మొక్క మాకు కావలెను" అని అడుగుచున్నారు. ఏ ఐరిసును తెప్పింపవలెనో, దేనిని తెప్పింపరాదో తెలియనిచో, పెట్టిన రొక్కము ఒక్క వర్షాకాలములోనే మన్ను గలియును. కొన్నవారికి మీయందుగల నమ్మకమును దానితోనే పోవును.

ముందుగా నా పొరపాటును చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక జనవరిలో నేను చలికొండల ప్రాంతమునుండి నీలిరంగు ఐరిసు దుంపలను ఇరువదింటిని తెప్పించి, తీరమునకు చేరువనున్న ఎర్రయిసుక మడిలో నాటితిని. మార్చిలో మూడు మొక్కలు పూచినవి. ఇరుగుపొరుగువారు వచ్చి చూచి మెచ్చిరి. ఆ ధైర్యముతో మరి యిరువది దుంపలు తెప్పించితిని. జూలై వానలలో ఆకులు పసుపుబారినవి. చేతితో లాగినంతనే ఊడివచ్చినవి. త్రవ్విచూడగా దుంప మెత్తని గుజ్జయి చెడువాసన కొట్టుచుండెను. మిగిలిన ఆరు మొక్కలును మరుసటి యేట ఆకులు వేసినవి గాని, ఒక్క పూవైనను పూయలేదు. ఎరువు చాలలేదని తలచి ఇంకను ఎరువు వేసితిని, అవియు కుళ్లినవి. లోపము పోషణలో లేదనియు, ఎన్నికలోనే యున్నదనియు గ్రహించుటకు నాకు రెండేండ్లు పట్టినది. ఆ రెండేండ్లు మీకు వ్యర్థము కాకుండ చేయుటయే నా యుద్దేశము.

ఐరిసు ఎట్టి మొక్క

ఐరిసు అనునది ఒక్క మొక్క పేరు కాదు. అది సుమారు 300 జాతులుగల పెద్ద ప్రజాతి. గ్రీకులు ఇంద్రధనుస్సునకు అధిదేవతగా భావించిన స్త్రీమూర్తి పేరే దీనికి పెట్టిరి. అన్నిరంగుల పూలు దీనియందుండుటయే అందుకు కారణము. కాశ్మీరమున పాంపూరు మెట్టలలో పండు కుంకుమపూవును, మన అంగళ్లలో అమ్ము గ్లాడియోలసు పూవును దీనికి దాయాదులే. కాశ్మీరమున తెల్లని, నీలి ఐరిసులను సమాధులపై నాటు ఆచారము చిరకాలమునుండి యున్నది. ఆకులు కత్తులవలె నిలువుగ నుండి, విసనకఱ్ఱవలె ఒక్క వరుసలో విచ్చుకొని యుండును. ఈ యాకుల యమరికను బట్టియే పూవు లేకున్నను మొక్కను గుర్తింపవచ్చును.

తోటవాని పనికి ఈ జాతులను మూడు తెగలుగా పంచుకొన్న చాలును. మొదటి తెగ, క్రింది రేకులపై గడ్డమువంటి నూగుగల ఐరిసులు. వీని దుంప పసుపు, అల్లములవలె నేలలో అడ్డముగ పాకును. చిత్రపటములలో మీరు చూచు పెద్దపూలు ప్రాయికముగ నీ తెగలోనివి. రెండవ తెగ, గడ్డము లేనివి. వీనిలో సైబీరియా, జపాను రకములును, అమెరికాలోని లూసియానా చిత్తడినేలల రకములును చేరును. మూడవ తెగ, ఉల్లిపాయవంటి గడ్డనుండి మొలచునవి. పూలగుత్తులకై అమ్ము డచ్చి ఐరిసు ఇట్టిది.

మన నేల, మన గాలి, మన నీరు

మొక్కను ఎన్నుకొనుటకు ముందు మన స్థలమును పరిశీలింతము. రుషికొండ, కైలాసగిరి, సింహాచలము కొండలు తూర్పుకనుమలకు జెందినవి. వీని రాయి శిథిలమై ఎర్రని గరుకుమట్టి యగును. ఇచటినుండి భీమునిపట్టణము వైపు పోవునపుడు ఎర్రమట్టి దిబ్బలు కానవచ్చును. 2014లో వానిని జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించిరి. ఆ దిబ్బలను చీల్చిన లోతైన పాయలను జూచిన మన నేల గుణము తెలియగలదు. నీరు త్వరగా ఇంకును, వాలున పాఱు వాననీరు మట్టిని కోసికొని పోవును, సారము నిలువదు.

చలి సంగతి యెట్లున్నది? జనవరిలో సయితము మన రాత్రులు సాధారణముగా 15 సెంటీగ్రేడు డిగ్రీలకు దిగువకు దిగవు. వర్షము సంవత్సరమునకు ఇంచుమించు 1,000 మిల్లీమీటర్లు. అందు అధికభాగము జూన్ మొదలు నవంబరు వరకు పడును. ఆ కాలము చివర తుఫానులు వచ్చును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను మన తీరమును దాటినపుడు చెట్లు కూలుటయే గాక, నిలిచిన చెట్ల యాకులును ఉప్పుగాలికి మాడిపోవుట మీరు మఱవలేదు.

నీటి విషయమున మఱింత జాగరూకత కావలెను. తీరమునందు భూమిలోపల మంచినీరు ఉప్పునీటిపై తేలుచుండును. సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరు నిలిచియున్న, క్రింద సుమారు 40 అడుగుల వరకు మంచినీరుండును. అనగా, మితిమీఱి తోడుటచే పైమట్టము ఒక అడుగు తగ్గినయెడల కాలక్రమమున క్రిందినుండి ఉప్పునీరు 40 అడుగులు ఎక్కుటకు అవకాశము గలదు. కావున వేసవిలో బావినీరు ఉప్పు తగులుచున్నదేమో చూచుకొనుడు. అనుమానము గలిగిన సీసాతో నీటిని పరీక్షాకేంద్రమునకు పంపుడు. నీరు ఉప్పనైనచోట ఐరిసు తలంపు మానుటయే మేలు.

వలదనదగిన రకములు, అందులకు కారణము

గడ్డపు ఐరిసు తెగ మనకు పనికిరాదు. ఆ మొక్క చలికాలమున వారములకొలది గట్టి చలిని అనుభవించిననే లోపల పూమొగ్గ కట్టును. వేసవిలో దాని దుంపకు పొడి నేల కావలెను. ఎండ సోకుటకై దుంప వీపు మట్టిపై తేలియుండునట్లు నాటుదురు. మన యొద్ద చలి లేదు. దుంప విశ్రమింపవలసిన కాలమున కుండపోతగా వాన కురియును. వేడియు తడియు కూడినచోట మెత్తకుళ్లు తెగులును కలిగించు సూక్ష్మజీవులు దుంపలో ప్రవేశించి దానిని కొలదిదినములలో గుజ్జు చేయును.

మరి నా తోటలో మొదటి యేట మూడు మొక్కలు ఎట్లు పూచినవని మీరడుగవచ్చును. ఇదియే ఈ ఉపన్యాసమునందు ముఖ్యమైన మాట. ఆ మొగ్గలు చలికొండపైననే సిద్ధమై, దుంపలో దాగి నాతో వచ్చినవి. డచ్చి ఐరిసు గడ్డలును అట్టివే. వానిని చల్లని గదులలో నుంచి పూతకు సిద్ధపఱచి పంపుదురు. మన తోటలో ఒకసారి పూచి, మరుసటి సంవత్సరము ఆకులతోనే నిలిచిపోవును, లేదా నశించును. మొదటి పూవు ఆ మొక్క పుట్టిన చోటు ఇచ్చినది. రెండవ యేటి పూవే మన నేల ఇచ్చునది. చిరకాలపు తోటకు మొక్కను ఎన్నుకొనువాడు రెండవ యేటి పూవును జూచి ఎన్నుకొనవలెను. కుండీలో పూచి నిలిచిన మొక్కను అంగడిలో జూచి మోసపోవలదు.

సైబీరియా, జపాను రకములును చలిని కోరునవే. లూసియానా రకములు ఎండను, తడిని బాగుగ ఓర్చును గాని, వానికిని కొంత చల్లదనము ప్రియము. ఆసక్తిగలవారు ఒకటి రెండు కుండీలలో పరీక్షింపవచ్చును. అమ్మకమునకై పెంచుటకు ఇంకను తొందరపడరాదు.

మనకు తగిన రెండు మొక్కలు

ఇట్లనిన ఐరిసును పూర్తిగ విడువవలెనా? అక్కరలేదు. మన యెండకును వానకును లొంగునది యొకటి ఐరిసులలోనే కలదు. దానికి దాయాదియైన మఱియొకటియు కలదు.

మొదటిది మచ్చల ఐరిసు. అంగడివారు దీనిని బ్లాక్‌బెర్రీ లిల్లీ యనియు, లెపర్డ్ లిల్లీ యనియు అందురు. హిమాలయమునుండి చైనా, జపానుల వరకు ఇది స్వయముగ మొలచును. మన దేశపు మైదానపు తోటలలో చాలకాలముగ పెరుగుచున్నది. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని బెలాంకాండా యను వేఱు పేరుతో నుంచి, 2005లో ఐరిసులలో చేర్చిరి. రెండు మూడడుగుల యెత్తు పెరుగును. నారింజరంగు రేకులపై చిరుతపులి మచ్చలవలె ఎఱ్ఱని చుక్కలుండును. పూవు ఒక్క దినమే యుండి, వాడునపుడు పిండిన బట్టవలె మెలితిరుగును. అయినను ఒకే కాడపై వరుసగ మొగ్గలు విచ్చుచుండుటచే కొన్ని వారములు పూలుండును. తరువాత కాయ పగిలి, నల్లని గింజలు గుత్తిగా మెఱయుచుండును. ఆ గుత్తులను కాడలతో కోసి యెండబెట్టి అలంకారమునకు అమ్మవచ్చును.

రెండవది నడచు ఐరిసు. అంగడిపేరు వాకింగ్ ఐరిసు. ఇది ఐరిసు కుటుంబములోనిదే గాని, నిజమైన ఐరిసు కాదు. అమెరికాఖండపు ఉష్ణప్రదేశములు దీని పుట్టినిల్లు, చలిని కోరదు. తెలుపు నీలములు కలిసిన పూలు గలదియు, పచ్చని పూలు గలదియు దొరకును. పూచిన కాడ కొనయందు పిల్లమొక్క పుట్టి, బరువునకు వంగి, నేల సోకినచోట వేరు పాతుకొనును. తల్లినుండి అడుగు దూరము నడచినట్లగును. అందుచేతనే ఆ పేరు వచ్చినది. కొబ్బరి, సపోటా చెట్ల క్రింద చెదరిన నీడలో చక్కగ పెరుగును. మచ్చల ఐరిసునకు ఎండయు, దీనికి సగము నీడయు కావలెనని గుర్తుంచుకొనుడు.

మడి కట్టుట

ముందు గాలికి అడ్డు కట్టుడు. సముద్రము వైపున సరుగుడు రెండు వరుసలును, వానికి ముందు మొగలిపొదలును వేసిన ఉప్పుతుంపర చాలవఱకు అచ్చటనే ఆగును. వాలునేలలో మడిని వాలునకు అడ్డముగ కట్టవలెను గాని, వాలు వెంబడి కట్టరాదు. మడి నాలుగడుగుల వెడల్పు, నేలకంటె ఆరు మొదలు తొమ్మిది అంగుళముల యెత్తు ఉండవలెను. పై వైపున చిన్న కాలువ తీసిన వాననీరు మడిపై ఎక్కక ప్రక్కకు పోవును.

ఎర్రయిసుక సారమును నిలుపదు గనుక, మూడు పాళ్లు మట్టికి ఒక పాలు బాగుగ చివికిన పశువుల పెంటను గాని, ఆకు ఎరువును గాని కలుపుడు. పచ్చిపెంట వేయరాదు, అది దుంపను కుళ్లించును. వేపపిండిని మడిమట్టిలో కలిపిన వేరుపురుగుల బాధ తగ్గును.

నాటుట

మచ్చల ఐరిసును విత్తనముచేత పెంచుట చవుక. తాజా గింజలను ఒక రాత్రి నీట నానబెట్టి, తుఫానుల యుద్ధృతి తగ్గిన పిమ్మట, అనగా విశాఖకార్తె నాటికి, నారుమడిలో అర అంగుళము లోతున విత్తుడు. మొలకలు ఒక్కసారి రావు. కొన్ని వారములవఱకు వచ్చుచునే యుండును. తొందరపడి మడిని తిరుగవేయకుడు. నాలుగైదు ఆకులు వచ్చిన పిదప అడుగు దూరమున నాటుడు. కొన్ని మొదటి సంవత్సరముననే పూచును. తక్కినవి రెండవ యేట పూచును.

ముదిరిన దుబ్బును మూడేండ్లకొకమారు విడదీయవలెను. దుబ్బును త్రవ్వి, మట్టి విదల్చి, పదునైన శుభ్రమైన కత్తితో ఒక్కొక్క ఆకుల విసరు క్రింద గట్టిదుంప యుండునట్లు కోయుడు. నడుమనున్న ముదురుదుంపను పాఱవేయుడు. ఆకులను మూడవవంతు మిగుల్చి కత్తిరించి, కోతలు ఆఱుటకు ఒక దినము నీడలో నుంచి, దుంప పైభాగము మట్టితో సమముగ నుండునట్లు నాటుడు. లోతుగ పాతుట దీనికి కీడు.

నడచు ఐరిసు పిల్లలను, వేరు కనబడిన పిదప, కాడతో కోసి నాటిన చాలును. దీనికి వర్షారంభమైన మృగశిర, ఆరుద్ర కార్తెలు మంచివి. కడియము మొదలగు చోట్ల నర్సరీలనుండి తెచ్చిన మొక్కలకు వేళ్లచుట్టు బంకమట్టి ముద్ద యుండును. దానిని అట్లే ఇసుకనేలలో పెట్టిన వేళ్లు ముద్దను వదలి బయటికి రావు. ముద్ద అంచులను నీటిలో మెల్లగ కరగించి నాటుడు.

నీరు, ఎరువు, తెగుళ్లు

కొత్తగ నాటినపుడు దినము విడిచి దినము, వేళ్లు పట్టిన పిదప వేసవిలో వారమునకు రెండుసార్లు నీరు చాలును. రోజూ కొంచెముకొంచెముగ చల్లుటకంటె, ఎడమిచ్చి లోతుగ తడుపుట మేలు. సరుగుడాకుగాని, ఎండుగడ్డిగాని రెండంగుళముల మందమున పఱచిన తడి నిలుచును. దుంపమీద మాత్రము పఱపవలదు. ఉప్పుగాలి వీచిన మరునాడు ఆకులను మంచినీటితో కడుగుడు. సంవత్సరమునకు రెండుసార్లు చివికిన ఎరువు దోసెడు చొప్పున దుబ్బుచుట్టు వేసిన చాలును. యూరియా అధికమైన ఆకు పెరిగి, పూవు తగ్గి, కుళ్లు హెచ్చును.

మొదలు మెత్తబడి చెడువాసన వచ్చిన మొక్కను వెంటనే త్రవ్వి, కుళ్లినభాగమును గట్టిదుంప కనబడువఱకు కోసివేసి, మిగిలినదానిని ఎండకు ఆఱబెట్టి వేఱుచోట నాటుడు. కత్తిని మొక్కమొక్కకు కడుగుడు. వానకాలమున నత్తలు లేతాకును తినును; చీకటిపడిన పిదప దీపముతో వెదకి ఏరివేయుడు. ఐరిసు దుంపలు తినినచో కడుపునొప్పియు, వాంతులును కలుగును. కావున వీనిని పశువులకును, పిల్లలకును అందనీయరాదు.

తోడుపంటలు, అమ్మకము

ఐరిసు పూవు కోసి దండలు కట్టునది కాదు గనుక, దీనివలన వచ్చు రాబడి మొక్కల అమ్మకమువలననే. అందుచేత మీ నేలలో పదవవంతుకంటె ఎక్కువ దీనికి ఇయ్యవలదని నా సలహా. తక్కిన నేలను దినదినము చిల్లర తెచ్చు పూలకు ఉంచుడు. లిల్లీ యని మనము పిలుచు నేలసంపెంగ ఒకసారి గడ్డ నాటిన రెండు మూడేండ్లు పూచును. ఒంటిరేకు రకము దండలకును, ముద్దరకము పూలకుండీలకును తగును. బెంగళూరు భారతీయ ఉద్యాన పరిశోధనాసంస్థవారి శృంగార్, ప్రజ్వల్ రకములు పరీక్షింపదగినవి. మెట్టతామర, కనకాంబరము కూడ ఈ నేలకు అలవాటుపడినవే. మడిలో వెనుక మెట్టతామర, నడుమ మచ్చల ఐరిసు, ముందు కనకాంబరము వేసిన ఏడాదిలో అధికభాగము ఏదో యొక పూవు కంటికి గనబడుచుండును. వేరుపురుగు తగిలిన మడిలో ఒక పంట బంతి వేసి, పిదప తక్కినవి నాటుడు. సింహాచలపు సంపెంగకు పేరు తెచ్చినది ఈ కొండల మట్టియే. మన మట్టికి ఇష్టమైన మొక్కను దానికిచ్చినయెడల అది మనలను నిరాశపఱచదు.

కొనువాడు నీలిరంగు గడ్డపు ఐరిసును అడిగినపుడు, "ఇది ఇక్కడ ఒక్కసారియే పూచును" అని నిజము చెప్పుడు. ఆ దినము ఒక అమ్మకము పోవచ్చును. అయినను ఆయన మీ మచ్చల ఐరిసును కొని, రెండవ యేట పూచినపుడు పొరుగింటివారిని వెంటబెట్టుకొని మరల మీ తోటకే వచ్చును.

జ్ఞాపకముంచుకొనవలసిన సంగతులు

1. కొనుటకు ముందు మూడు ప్రశ్నలు: దీనికి చలి కావలెనా? వానకాలపు తడిని దుంప ఓర్చునా? ఉప్పుగాలిని ఆకు ఓర్చునా?

2. క్రొత్త రకమును మొదట అయిదు మొక్కలే నాటుడు. రెండు వర్షాకాలములు గడచి, రెండవసారి పూచిన పిమ్మటనే పెంచుడు.

3. మడి ఎత్తుగను, వాలునకు అడ్డముగను ఉండవలెను.

4. దుంపను లోతుగ పాతరాదు, పచ్చిపెంట తగులనీయరాదు.

5. ఎండలో మచ్చల ఐరిసు, నీడలో నడచు ఐరిసు.

6. బావినీటిని మితముగ తోడుడు, వేసవిలో పరీక్షించుడు.

మీ మీ తోటలలో పరీక్షించి, ఏది నిలిచినదో, ఏది నశించినదో తేదీలతో వ్రాసియుంచుడు. మరుసటి సమావేశమున నేను చెప్పుటకంటె మీవలన వినుటకే ఎదురుచూచెదను.